కంప్యూటరింటి టెలిఫోను

1997 జూన్‌లో విశాఖపట్నంలోని ఒక పెద్ద కర్మాగారంలో, ఈడీపీ విభాగం అసిస్టెంట్ మేనేజరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అరకు లోయకు వచ్చాను. జీతాల లెక్కలు, గోదాముల లెక్కలు కంప్యూటరు మీద నడిపే విభాగాన్ని ఆ రోజుల్లో ఈడీపీ అనేవారు. నా భార్యకు అరకులో టీచరుగా పోస్టింగు వచ్చిందన్నది ఒక కారణం. నాకంటే ఆరేళ్లు చిన్నవాడిని తెచ్చి నా నెత్తిన మేనేజరుగా కూర్చోబెట్టారన్నది రెండో కారణం. వీటిలో ఏది అసలు కారణమో నా భార్యకు తెలుసు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పను.

వచ్చిన ఏడాదే జీవరత్నంతో కలిసి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాను. జీవరత్నం మిషన్ బడి మాస్టారి కొడుకు, లెక్కల్లో డిగ్రీ చదివాడు, విశాఖలో కంప్యూటర్లు బాగుచేసి విసిగిపోయి సొంత ఊరు చేరాడు. నాకు ప్రోగ్రాం రాయడం వచ్చు, అతనికి యంత్రం విప్పి బిగించడం వచ్చు. బ్యాంకు గడప తొక్కకూడదన్నది మా మొదటి నియమం. ఒక దుకాణానికి అమ్మగా వచ్చినదానితో ఇంకో కంప్యూటరు కొనడం, దానితో ఇంకో దుకాణానికి పని చేయడం, అంతే. రైల్వే స్టేషను దారిలో మూడు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాం. బోర్డు మీద ఇంగ్లీషులో పెద్ద పేరే రాయించాం గానీ దాన్ని ఎవరూ చదవలేదు. ఊరంతా మా ఆఫీసును కంప్యూటరిల్లు అనే పిలిచింది.

మేము అమ్మినది ఒకే ఒక్క ప్రోగ్రాం. ఏజెన్సీ కొండల్లో వ్యాపారమంతా వారపు సంతల మీద నడుస్తుంది. ఒక్కో సావుకారు ఒక్కో రోజు ఒక్కో సంతలో పసుపు, మిరియాలు, చింతపండు, కాఫీ గింజలు కొంటాడు. ఒక సంతకు తను వెళితే ఇంకో సంతకు గుమాస్తాను పంపిస్తాడు. వారం చివర సరుకంతా ఒక చోటికి చేరేసరికి ఎక్కడ ఎంత కొన్నారో, ఆరబెడితే ఎంత తరుగు పోయిందో తేలక తల పట్టుకుంటాడు. మా ప్రోగ్రాం ఆ తలనొప్పి తగ్గించేది. పాడేరు, పెదబయలు, చింతపల్లి, గూడెం కొత్తవీధి దాకా మాకు ఖాతాదారులు ఉండేవారు. ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా ఫ్లాపీల మీదకు ఎక్కించి, బస్సులో వెళ్లి, ఒక్కొక్క దుకాణంలో వేసి రావలసిందే. శీతాకాలం మంచుకు ఫ్లాపీలకు బూజు పట్టేది. వాటిని బియ్యం డబ్బాలో దాచే ఉపాయం జీవరత్నం కనిపెట్టాడు. ఆ బియ్యాన్ని మళ్లీ వండకూడదని మా ఆవిడ గట్టిగా చెప్పింది.

ఇలాంటి కంపెనీకి ప్రాణం ప్రోగ్రాం కాదు, టెలిఫోను. అమ్మిన తర్వాత ఖాతాదారుడు ఇరుక్కున్నప్పుడు దారి చెప్పడాన్ని మా వృత్తిలో సపోర్టు అంటారు. మాకున్నది ఒక్క లైను. ఆ లైను దగ్గర కూర్చున్నది పాంగి సుకురమ్మ. లోయకు పైన, నడిచి వెళ్లవలసిన ఊరు ఆమెది. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్మీడియట్ పాసై, టైపు నేర్చుకుని మా దగ్గరికి వచ్చింది. కొండ మీద గుంట మాకు దారి చెప్పడమేమిటని మొదట్లో ఒకరిద్దరు సావుకార్లు నసిగారు. గుంట అంటే అక్కడి మాటలో ఆడపిల్ల. ఏడాది తిరక్కుండా ఆమె తప్ప ఇంకొకరు ఫోన్ తీస్తే మాట్లాడటం మానేశారు.

ఆమె పద్ధతి వేరు. నేనైతే అవతలి మనిషి చెప్పేది సగం విని "ఎఫ్ టూ నొక్కండి" అనేవాడిని. తప్పు తనది కాదని నిరూపించుకోవడానికి అతను ఇంకో పావుగంట తినేవాడు. ఆమె మాత్రం, "బాబూ, ముందు తెర మీద ఏటుందో అంతా సదవండి, నాను ఇంటన్నాను" అని చెప్పి వింటూ కూర్చునేది. మధ్యలో ఊఁ కూడా కొట్టేది కాదు. అవతలివాడు మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివేవాడు. సగం మందికి చదువుతుండగానే తప్పు కనబడేది. "దొరికిందే!" అని వాళ్లే నవ్వుకుని ఫోన్ పెట్టేసేవారు. నాకు అంత ఓపిక ఎప్పుడూ రాలేదు.

ఆమెతో పాటు ప్రోగ్రాం రాయడానికి కిల్లో భీమన్న, డేటా కొట్టడానికి ఇంకో ఇద్దరు పిల్లలు ఉండేవారు. అందరూ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. భీమన్నకు మూడేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాను. నా కోపాన్ని భరించినవాడు, నా తర్వాత కంపెనీ అతనిదే అని మనసులో అనుకుంటూ ఉండేవాడిని.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటితే కొండల మీద మబ్బు కమ్ముతుంది. ఉరుము వినబడగానే కరెంటు ప్లగ్గులన్నీ పీకడం, ఇంటర్నెట్టుకు వాడే మోడెం తీగ ఊడదీయడం మా ఆఫీసులో అలవాటు. యంత్రాలు కాలిపోతే మళ్లీ కొనే స్తోమత లేదు కాబట్టి అందులో ఎవరం అజాగ్రత్తగా ఉండేవాళ్లం కాదు. 2001 మే నెలలో ఒక మధ్యాహ్నం అలాగే పీకేశాం. చీకటి గదిలో కూర్చుని వాన వెలిసేదాకా కబుర్లు చెప్పుకుంటున్నాం. అప్పుడు ఫోన్ మోగింది. సుకురమ్మ తీసింది. పెదబయలు సావుకారు అప్పలరాజు గారి పసుపు నిల్వ సున్నాకంటే తక్కువ చూపిస్తోందట. చదవండి బాబూ అని చెప్పి ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

పిడుగు బయట టెలిఫోను తీగ మీద పడింది. గదిలో మేము చూసింది తెల్లటి వెలుగు మాత్రమే. జీవరత్నం ఆమెను ఎత్తుకుని జీపు కోసం రోడ్డు మీదకు పరిగెత్తాడు గానీ, ఆమె అప్పటికే పోయిందని మా ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత వచ్చిన లైన్‌మాన్, అంత దగ్గర్లో పడితే ఏ కట్టుదిట్టమూ ఆపదని చెప్పాడు. ఆ మధ్యాహ్నం మేము ఊడదీసిన కంప్యూటర్లలో ఒక్కటీ చెడలేదు. వాటిని చూస్తే నాకు అసహ్యం వేసింది.

ఊరివాళ్లు వచ్చి ఆమెను తీసుకెళ్లారు. మామూలు వల్లకాటికి కాకుండా, వాగు అవతల వేరే చోట దహనం చేశారు. పిడుగుకు, పులికి పోయినవాళ్లకు తమ ఊరి పద్ధతి అదని చెప్పారు. మేమూ వెళ్లాం. ఆమె తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో.

మర్నాడు నేను ఆఫీసు తలుపు తీశాను. ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు భీమన్న వచ్చి రోడ్డుకు అవతలి వైపు నిలబడ్డాడు. రమ్మని చెయ్యి ఊపాను, కదల్లేదు. నేనే రోడ్డు దాటి వెళ్లాను.

"నాను రాను సారూ," అన్నాడు. "అది పిడుగు పడ్డ ఇల్లు. ఆ పిల్ల డుమ్మ అక్కడే ఉంటాది."

డుమ్మ అంటే చనిపోయిన మనిషి ఆత్మ. సరే, ఇల్లు వద్దు, కంప్యూటర్లు ఇంకో చోట పెడదామన్నాను. ఆమె చేతులు పెట్టిన పెట్టెలు కూడా ముట్టుకోనని అతను చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లూపులు, ఫంక్షన్లు రాసేవాడివి, ఇదేం మాట అని నడిరోడ్డు మీద కేకలేశాను. అతను తల వంచుకుని అన్నీ విన్నాడు. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

అక్కడి నుంచి తిన్నగా జీవరత్నం ఇంటికి వెళ్లాను. అతను బాప్తిస్మం పొందినవాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడు. ఈ విషయంలో నా పక్షాన ఉంటాడని నమ్మకంతో వెళ్లాను.

"నేను అవన్నీ నమ్మనండి రమణగారూ," అన్నాడు. "నిన్న గుమ్మం దాకా వచ్చాను. కాలు పడలేదు."

ఇప్పుడు సమస్య ఏమిటో స్పష్టంగా చెప్పాలి. జూన్‌తో మా ఖాతాదారుల ఏడాది ఒప్పందాలు ముగుస్తాయి. ఆ నెలలో సపోర్టు సరిగా లేకపోతే ఎవరూ ఒప్పందం పొడిగించరు. విశాఖ నుంచి ఒక డీలరు ఇలాంటి ప్రోగ్రామే రంగుల తెరతో తెచ్చి అప్పటికే పాడేరులో తిరుగుతున్నాడు. అప్పు లేని కంపెనీకి అప్పులవాళ్ల బెడద ఉండదు, నిజమే. కానీ డబ్బు నిల్వ కూడా ఉండదు. రెండు నెలలు చేతులు కట్టుకుని కూర్చుంటే నాలుగేళ్ల కష్టం కొట్టుకుపోతుంది.

ఆ శుక్రవారం అరకు సంతలో సుకురమ్మ పెదనాన్న కొండన్న కనబడ్డాడు. నన్ను పక్కకు పిలిచి, చుట్ట ఆర్పి, నింపాదిగా మాట్లాడాడు.

"పిడుగుకి పోయిన మనిసి ఊరికే ఎల్లిపోదు బాబూ. కొత్త పంట ఇంటికొచ్చినాక దిసారి కూకుని పంపాల. అప్పుడు మీ పెట్టెలకీ పసుపునీళ్లు సల్లుతాం. వేరే ఇల్లు సూసుకోండి. అంతదాకా మావోళ్లెవులూ రారు."

దిసారి అంటే వాళ్ల ఊళ్లో మంచిచెడ్డలు, ముహూర్తాలు చూసే పెద్ద. కొత్త పంట అంటే కార్తీకం దాటాలి. అంటే ఆరు నెలలు. ఇంకాస్త ముందు చేయలేరా, బేగి అయ్యే ఉపాయం లేదా అని బతిమాలాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. మీ పనికి తారీకున్నట్టే మా పనికీ ఉంటుంది కదా బాబూ అని చెప్పి, చుట్ట మళ్లీ ముట్టించుకుని వెళ్లిపోయాడు.

విశాఖలో పాత స్నేహితుడికి ఫోన్ చేసి, ఇద్దరు కుర్రాళ్లను వెంటనే పంపమని అడిగాను. అతను సరేనన్నాడు. ఈ మాట జీవరత్నానికి చెబితే, అతను మొదటిసారి నా మీద గొంతు పెంచాడు. బయటి వాళ్లను తెచ్చి ఆ ఇంట్లో కూర్చోబెడితే ఈ లోయలో ఇంకెవరూ మన జీతం తీసుకోరు, నేనూ తీసుకోను అన్నాడు. ఆలోచించుకోవడానికి ఒక రోజు అడిగాను. మర్నాడు స్నేహితుడికి ఫోన్ చేసి కుర్రాళ్లను వద్దన్నాను. మంచితనంతో కాదు. భీమన్న లేకుండా, జీవరత్నం లేకుండా, విశాఖ కుర్రాళ్లతో నడిపే కంపెనీ అయితే దాన్ని విశాఖలోనే పెట్టి ఉండవచ్చు కదా అనిపించింది.

ఆరు నెలలు ఆగుతాం, కానీ ఫోన్ ఆగకూడదు అని నిర్ణయించుకున్నాం. నేను ఆ ఊరివాడిని కాదు, నాకు ఆ కట్టుబాటు లేదు. లైను బాగుచేయించి, కొత్త ఫోన్ పెట్టించి, రోజూ పొద్దున తలుపు తీసి నేనొక్కడినే కూర్చున్నాను. జీవరత్నం బస్సుల్లో తిరిగి దుకాణాల పని చూశాడు. భయం నాకు లేదు. ఆ విషయంలో లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఫోన్లు వచ్చేవి. తీసి నమస్కారం చెప్పగానే అవతలి నుంచి ఒకటే మాట. "ఆ గుంటకియ్యండి సారూ."

మొదట్లో నిజం చెప్పేవాడిని. అవతల నుంచి అయ్యో, ఎలాగ, ఎప్పుడు అని ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఆ మధ్యాహ్నం మొత్తం మొదటి నుంచి చెప్పవలసి వచ్చేది. చెప్పడం అయ్యాక అదే గొంతుతో వాళ్లు తమ చింతపండు లెక్క అడిగేవారు. వాళ్ల తప్పు లేదు, సంత రేపే ఉంటుంది. కొన్ని వారాలకు అదంతా చెప్పడం మానేశాను. ఊరెళ్లింది అనడం మొదలుపెట్టాను. ఎప్పుడొస్తాది అని అడిగితే తెలీదనేవాడిని. గూడెం కొత్తవీధి నుంచి ఒకాయన వారం వారం అడిగేవాడు.

జులైలో పెదబయలు అప్పలరాజు గారు బస్సు దిగి మా ఆఫీసుకు వచ్చారు. పెద్దమనిషి, మైదానం నుంచి తాతల నాడే కొండెక్కిన కుటుంబం. గుమ్మంలోనే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఆమె కుర్చీ ఏది అని అడిగారు. చూపించాను. దాని వైపు చూస్తూ నిలబడ్డారు.

"నాను సదువుతున్నాను సారూ," అన్నారు. "లైను పోయిందని నాకు తెలీదు. ఆ పిల్ల ఎప్పుడూ మాటాడదు గదా, ఇంటంటాది గదా. పేజీ అంతా సదివీసినాను. సదివి, ఏటమ్మా సెప్పవేటి అని అడిగినాను."

నేను మంచినీళ్లు ఇచ్చాను. ఒప్పందం పొడిగించడానికి వచ్చారనుకున్నాను. ఆ యంత్రం ముందు ఇక కూర్చోలేనని, గుమాస్తా చేత పాత పద్ధతిలోనే పుస్తకం రాయిస్తున్నానని చెప్పి వెళ్లిపోయారు. ఆయన్ని ఏమని ఒప్పించాలి? నేను ఒప్పించలేదు.

వానాకాలం గడిచేసరికి సగానికి పైగా ఖాతాదారులు విశాఖ డీలరు దగ్గరకు వెళ్లిపోయారు. కొందరు చెప్పి వెళ్లారు, కొందరు ఫోన్ చేయడం మానేశారు. ఖాళీ గదిలో రోజంతా ఒక్కడినే కూర్చునేవాడిని. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడిని, మోగకపోతే కంపెనీ పోతోందని భయపడేవాడిని. ఇంటికి వెళ్లాక కూడా మాట్లాడేవాడిని కాదు. నువ్వు కొన్నాళ్లు మానెయ్యి అని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను.

కార్తీకం వెళ్లాక కొండన్న కబురు పంపాడు. వాగు దగ్గర దిసారి చేయవలసినది చేశాడు. ఊరంతా వచ్చింది. భీమన్న, ఆ ఇద్దరు పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. నన్నూ జీవరత్నాన్నీ కొంచెం ఎడంగా కూర్చోబెట్టారు. ఆమె తల్లి గట్టిగా ఏడ్చింది, తర్వాత లేచి అందరికీ అన్నం వడ్డించింది. మర్నాడు బస్టాండు దగ్గర చిన్న ఇల్లు తీసుకుని కంప్యూటర్లు అక్కడికి చేర్చాం. కొండన్న వచ్చి పసుపునీళ్లు చల్లాడు. తెరల మీద కాస్త చూసి చల్లమని జీవరత్నం అడిగితే, ఆయన నవ్వి తుండుగుడ్డ కప్పి చల్లాడు. ఆ ఒక్క కుర్చీ, కాలిన ఫోనూ పాత ఇంట్లోనే వదిలేశాం.

సోమవారం పొద్దున అందరూ టైముకు వచ్చారు. భీమన్న తన కంప్యూటరు తీసి, మేలో ఆపిన ప్రోగ్రాం సరిగ్గా ఆపిన చోట నుంచి మొదలుపెట్టాడు. పిల్లలు ఒకరితో ఒకరు ఏదో చెప్పుకుని నవ్వారు. ఆరు నెలల తర్వాత మా ఆఫీసులో నవ్వు వినబడింది. అప్పుడు ఫోన్ మోగింది.

అది నా బల్ల మీదే ఉంది. ఆరు నెలలుగా తీస్తున్నవాడిని నేనే. చెయ్యి లేవలేదు. మోగుతూనే ఉంది.

"తియ్యరేటి సారూ?" అన్నాడు భీమన్న.

అతను లేచి వచ్చి, నన్ను దాటి చెయ్యి చాచి తీశాడు. గూడెం కొత్తవీధి ఆయన. సుకురమ్మ వచ్చిందా అని అడిగి ఉంటాడు.

"సుకురమ్మ నేదు బాబూ," అన్నాడు భీమన్న, మామూలు గొంతుతోనే. "పిడుగు పడి పోయింది. మొన్ననే పంపించీసినాం. నాను భీమన్నని. సెప్పండి, మీకేటయింది?"

నేను బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాను. లోపల అతను ఆ ఖాతాదారుడితో తాపీగా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆ కంపెనీలో నేను ఫోన్ తీయలేదు.

మిగిలిన కొద్దిమంది ఖాతాదారులతో ఇంకో మూడేళ్లు నడిపాం. విండోస్‌కు పాత ప్రోగ్రాంను మార్చడానికి మా దగ్గర చాలినంత మంది లేరు, సమయమూ లేదు. 2004లో మూసేశాం. భీమన్న పాడేరులో కంప్యూటరు సంస్థ పెట్టుకున్నాడు, బాగానే ఉన్నాడు. జీవరత్నం మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. నేను విశాఖ వెళ్లి వేరేవాళ్ల కంపెనీల్లో మరో పదేళ్లు పనిచేశాను. జీవరత్నం, నేను అప్పుడప్పుడు కలుస్తాం. ఆమె గురించి మాట్లాడుకోం.

కొత్తగా కంపెనీ పెట్టే కుర్రాళ్లు సలహా అడుగుతూ ఉంటారు. మబ్బు పడితే ప్లగ్గులతో పాటు తీగ ఫోను కూడా వదిలేయమని మొదట చెబుతాను. అది వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. రెండోది అర్థం కావడానికి సమయం పడుతుంది. నలుగురైదుగురు ఉండే కంపెనీలో ఒక మనిషి పోతే, పని ఎన్నాళ్లు ఆపాలో, ఏ రోజు తిరిగి మొదలుపెట్టాలో నిర్ణయించి అందరికీ చెప్పాలి. ఖాతాదారులు పోతే పోనివ్వాలి, ఎలాగూ పోతారు. భీమన్న వాళ్లు పని ఆపారు, వాళ్లకు ఒక తారీకు ఉంది, ఆ తారీకున వచ్చి కూర్చున్నారు. నేను ఒక్క రోజు కూడా ఆపలేదు. అందుకని తిరిగి మొదలుపెట్టే రోజంటూ నాకు రాలేదు.